ప్రింట్ వచ్చిందని స్కాన్ కూడా వస్తుందనుకోకండి

కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు లైనక్స్ వాడేవాళ్లు ప్రింటరూ స్కానరూ కలిసున్న మెషిన్ కొనేముందు ఇది ఒకసారి చదవండి. నేను షాపులో అడిగితే చాలనుకుని మోసపోయాను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి బీరువాలోకి నీళ్లు వెళ్లాయి. నాన్నగారి ఇంటి దస్తావేజులు, పన్ను రసీదులు తడిసిపోయాయి. ఆరబెట్టి దాచాం గానీ, వైజాగ్ ఉప్పుగాలి సంగతి తెలిసిందేగా, గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తున్నాయి. ఇక ఆలస్యం చేయకూడదని మొన్న ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. నేను వాడే లైనక్స్ పేరు ఉబుంటు. "ఉబుంటులో స్కాన్ అవుతుందా?" అని రెండుసార్లు అడిగాను. "అన్నిట్లోనూ అవుతుంది సార్" అన్నాడు. నమ్మాను.

ఇంటికొచ్చి తగిలిస్తే మొదటి దెబ్బకే ప్రింట్ వచ్చింది. స్కానర్ మాత్రం అసలు లేనట్టే ఉంది. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసేది కప్స్, స్కానింగ్ చూసేది సేన్. రెండూ వేర్వేరు, వాటి డ్రైవర్లూ (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేర్వేరు. ఒకటి ఉందంటే రెండోది ఉన్నట్టు కాదు.

నన్ను రెండు రాత్రులు తిప్పింది ఇంకొకటుంది. 'సేన్-ఫైండ్-స్కానర్' అనే కమాండ్ కొడితే స్కానర్ దొరికిందని చూపించింది. దాంతో ఆశ పుట్టింది. కానీ యూఎస్‌బీకి స్కానర్ లాంటిదేదో తగిలి ఉందని మాత్రమే దాని అర్థం. దాన్ని నడిపే డ్రైవర్ ఉందో లేదో తేల్చేది 'స్కాన్‌ఇమేజ్ -ఎల్' (పెద్ద ఎల్) అనే కమాండ్. అందులో ఏమీ రాలేదు.

షాపుకి తీసుకెళితే "ప్రింట్ వస్తోంది కదా సార్, మెషిన్‌లో లోపమేం లేదు, బాక్స్ కూడా ఓపెన్ చేశారు" అన్నారు. పైగా డబ్బులిస్తే విండోస్ వేసిపెడతారట! బిల్లు మీద మోడల్ పేరు తప్ప ఇంకేమీ లేదు. నోటిమాటకి సాక్ష్యం ఎక్కడ తేను?

కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని వెళ్లండి. షాపులోనే కేబుల్ పెట్టించి, ఒక పేజీ స్కాన్ చేసి చూశాకే డబ్బులివ్వండి. ఒప్పుకోకపోతే "లైనక్స్‌లో స్కాన్ కాకపోతే వాపసు" అని బిల్లు మీద రాయించుకోండి. వెళ్లేముందు సేన్ వాళ్ల స్కానర్ల జాబితాలో మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా సరిచూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా లోపలి చిప్ వేరే కావచ్చు. డ్రైవర్ అక్కర్లేని ఎయిర్‌స్కాన్ ఉన్న మెషిన్లయితే చాలావరకు ఇబ్బంది ఉండదు.

అసలు నవ్వొచ్చే విషయం తర్వాత తెలిసింది. స్టాంపు కాగితాలు లీగల్ సైజు, అంటే 14 అంగుళాల పొడవు. నేను కొన్న మెషిన్ అద్దం ఏ4, 12 అంగుళాలు కూడా లేదు. స్కానర్ పనిచేసినా మా దస్తావేజు అందులో పట్టేది కాదు!

చివరికి పని ఫోన్‌తోనే అవుతోంది. బాల్కనీ వెలుతురులో, కాగితం మీద మన నీడ పడకుండా, నిటారుగా పైనుంచి ఫొటో తీస్తున్నాను. వాటిని కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి దించి, 'ఐఎంజీ2పీడీఎఫ్' అనే ప్రోగ్రామ్‌తో ఒకే పీడీఎఫ్ ఫైలు చేస్తున్నాను. ఉచిత స్కానింగ్ యాప్‌ల జోలికి పోలేదు. ఆస్తి కాగితాలు, ఆధార్ ఎవరి సర్వర్‌కో ఎక్కించే ధైర్యం నాకు లేదు. అచ్చు అక్షరాలున్న పేజీలను టెసరాక్ట్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రామ్) తెలుగులో బాగానే చదువుతోంది. నాన్నగారి దస్తావేజు చేతిరాత కాబట్టి దాన్ని బొమ్మగానే ఉంచేశాను. రసీదులు ఇంకా సగం ఉన్నాయి, ఈ ముసురు విడిచాక తీయాలి.