మద్రాస్ టెర్రస్ మిద్దెకు యూపీవీసీ కిటికీ: నాలుగేళ్ళ వాడకం తర్వాత

యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేమ్ కిటికీ మంచిదే. ముందుగా ఆ మాట చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసింది చదివితే ఈయనకు కిటికీ మీదే కోపం అనుకుంటారు. నా కోపమంతా దానిపైన ఉన్న అడుగున్నర గోడ గురించి. కొలతలకు వచ్చినతను వెడల్పు మూడు చోట్ల కొలిచాడు, ఎత్తు మూడు చోట్ల కొలిచాడు, మూలమట్టం కూడా పెట్టి చూశాడు. పైన గోడ ఏం మోస్తోంది, ఆ బరువు దేనిమీద ఆనుకుని ఉంది అని మాత్రం తలెత్తి చూడలేదు. వాళ్ళ కొటేషన్‌లో ప్రొఫైల్ (ఫ్రేమ్ పట్టీ) రంగు ఉంది, అద్దం మందం ఉంది, తాళం రకం ఉంది. లింటెల్, అంటే కిటికీ నెత్తిన గోడ బరువు మోసే అడ్డ దూలం, ఆ మాటే లేదు.

ప్రొఫైల్ లోపల ఎన్ని డొల్ల అరలుంటాయి, గాజు ఎన్ని మిల్లీమీటర్లు తీసుకోవాలి లాంటివి షాపువాళ్ళే చెబుతారు, వాటి జోలికి పోను. మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇంకా మిగిలిన పాత మిద్దెల్లో మాదొకటి. సున్నంతో కట్టిన పద్నాలుగు అంగుళాల ఇటుక గోడలు, వాటిమీద టేకు దంతెలు (కప్పు మోసే సన్న దూలాలు). దంతెల మీద సన్నిటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో కట్టి, ఆపైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన కప్పు, దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. పిల్లర్లు లేవు, బీములు లేవు. దంతెల కొనలన్నీ నేరుగా వీధి గోడ మీదే ఆనుకుంటాయి. ఆ గోడకు ఊచలున్న చెక్క కిటికీలు రెండు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు. రెంటి నడుమ అడుగున్నర వెడల్పు గోడ.

2021 మొదట్లో కిటికీలు మార్చాలనుకున్నప్పుడు, నడుమ గోడ తీసేస్తే ఆరున్నర అడుగుల కిటికీ ఒకటే వస్తుందని బిగించే టీమే చెప్పింది. అమ్మకు ఆ మాట బాగా నచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె వీధిలోకి దిగలేదు. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు స్వామి వాహనం మలుపు తిరిగేది ఆ గదిలోంచే చూడాలి. గోడ తీస్తే పైన ఏం కాదా అని నేను అడిగాను. "లింటెల్ మేమే ఇచ్చేస్తాం సార్, ఒక్క రోజు పని" అన్నారు. ఇచ్చిందేమిటంటే, సన్నటి ఏంగిల్ రాడ్లు రెండు, ఇటుపక్క రెండంగుళాలు, అటుపక్క రెండంగుళాలు గోడలోకి దూర్చి, సందుల్లో ఇటుక ముక్కలు కుక్కి సిమెంటు పూసేశారు. కప్పుకు ఆసరాగా జాకీ ఒక్కటీ పెట్టలేదు. సాయంత్రానికి ఫ్రేమ్ బిగించి, చుట్టూ ఫోమ్ కొట్టి, సిలికాన్ పట్టించి వెళ్ళిపోయారు.

మొదటి ఏడాదిన్నర నేను అందరికీ సిఫారసు చేశాను. తెల్లవారుజామునే మొదలయ్యే జీపుల హారన్లు సగానికి సగం తగ్గాయి. దుమ్ము తగ్గింది. దోమతెర జరుపుకుంటే సాయంత్రాలు హాయిగా ఉండేది. 2021 నవంబరులో కపిలతీర్థం ఉరికి ఊరంతా నీళ్ళపాలైన ఆ వానల్లో కూడా కిటికీలోంచి చుక్క రాలేదు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. అయితే శబ్దం తగ్గేది మూసినప్పుడే, మే నెలలో మూస్తే ఏసీ వేయాలి. జరిపే తలుపులు కాబట్టి ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. పాత రెక్కల కిటికీలు రెండూ బార్లా తీస్తే వచ్చే గాలి ఇందులో రాదు.

రెండో ఎండాకాలంలో అమ్మ "ఈ తలుపు జరగతా లేదు నాయనా" అంది. సర్వీసు అబ్బాయి వచ్చాడు. రోలర్ల స్క్రూ తిప్పి తలుపును కాస్త కిందికి దించాడు, సులువుగా జరిగింది. ఎండకు ఫ్రేమ్ సాగుతుంది, మామూలే అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. పీవీసీ వేడికి బాగానే సాగుతుంది. రెండు మీటర్ల ముక్క ముప్పై డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకే ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య సందు వదిలి ఫోమ్ నింపుతారు. కానీ ఎండకు బిగుసుకున్నది రాత్రి చల్లబడ్డాకైనా వదులు కావాలి, మార్గశిరంలోనైనా వదులు కావాలి. మాది కాలేదు. తర్వాత తాళం నాలుక గూటిలో కూర్చోవడం మానేసింది. గూడును కిందికి జరిపి బిగించి వెళ్ళారు. ఆ తర్వాత లోపలి పక్క పైన అతికించిన పట్టీ నడుమ ఉబ్బి ఊడింది. అప్పుడు చూస్తే ఫ్రేమ్ పైన ఉండాల్సిన ఫోమ్ రెండు చివర్లా చిటికెనవేలు మందం ఉంది, నడుమ కాగితంలా నలిగిపోయి ఉంది. అప్పటికే కిటికీ రెండు పైమూలల నుంచి పగుళ్ళు మొదలయ్యాయి. నేరుగా కాదు, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా పైకెక్కాయి. రంగు వేయించినప్పుడు పుట్టీతో కప్పారు. మళ్ళీ తేలాయి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకు అసలు సంగతి బయటపడింది. కిటికీలోంచి కాదు, దానిపైన గోడలోంచి నీళ్ళు కారాయి. మిద్దె ఎక్కి చూస్తే సరిగ్గా ఆ కిటికీ మీద, పిట్టగోడ పక్కన, నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. ఎప్పుడూ అక్కడ నిలిచేవి కావు.

బంధువులు చంద్రగిరి దగ్గర్నుంచి ఒక పెద్ద మేస్త్రీని పంపారు. పాత సున్నం ఇళ్ళు ఎరిగినాయన. లోపలికొచ్చి కిటికీ పైపట్టీకి ఈ చివర నుంచి ఆ చివరకు నూలుదారం లాగి పట్టుకున్నాడు. నడుమ ఫ్రేమ్ దారం కంటే వేలు మందం కిందికి దిగి ఉంది. ఆయన ఫ్రేమ్ వైపు ఎక్కువసేపు చూడలేదు. కప్పులో దంతెలు లెక్కపెట్టాడు. కిటికీ వెడల్పులోనే నాలుగు దంతెల కొనలున్నాయి.

"సామీ, ఈడ నడుమ గోడ ఉండాలే, యాడికి పోయింది?"

"తీసేసినారు పెద్దాయనా, కిటికీ పెద్దది చేసేదానికి."

"తీసినారు సరే. అది చేసే పని ఇప్పుడు ఎవురు చేస్తా ఉండారు?"

ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇదే ప్రశ్న కొలతల రోజు అడిగి ఉంటే మాకు ఈ రెండేళ్ళ అవస్థ ఉండేది కాదు.

తర్వాత వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద గీసి చూపించాడు. కిటికీ మీద ఉన్న గోడ బరువంతా లింటెల్ మీద పడదు. ఇటుకలు కమానులాగా పక్కలకు తోసుకుంటూ, లింటెల్ మీద త్రికోణం ఆకారంలో ఉన్న భాగాన్ని మాత్రం వదులుతాయి. సన్న కిటికీకి చిన్న త్రికోణం, పెద్ద కిటికీకి పెద్ద త్రికోణం. దంతెల కొనలు ఆ త్రికోణంలోకి వచ్చాయంటే కప్పు బరువు కూడా లింటెల్ మీదే. పాత చెక్క కిటికీలప్పుడు ఆ బరువు నడుమ గోడలోంచి నేలకు దిగేది, మందపాటి టేకు చట్రాలు కూడా కొంత పట్టుకునేవి. ఇప్పుడు ఆ రెండు ఏంగిళ్ళు వంగాయి, అవి ఫోమ్‌ను నలిపాయి, తర్వాత ఫ్రేమ్ మీద కూర్చున్నాయి. యూపీవీసీ ఫ్రేమ్ లోపల డొల్ల. అందులో దూర్చే ఇనుప ముక్క గాలి తోపుకు వంగకుండా, స్క్రూలు పట్టుకోవడానికి పెట్టేది. కప్పు మోయడానికి కాదు. లింటెల్ రెండు చివర్లా గోడ మీద కనీసం ఆరంగుళాలు కూర్చోవాలి. మాకు రెండంగుళాలు, అదీ సున్నం రాలిపోతున్న ఇటుక అంచు మీద. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే వదిలేస్తే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మ మంచం ఆ కిటికీ కిందే ఉండేది. ఆ రాత్రే పక్క గదిలోకి మార్చాం.

కిటికీ బిగించినవాళ్ళకు ఫోన్ చేస్తే "మీ ఇల్లు పాతది సార్, వారంటీ మా ప్రొడక్టుకే" అన్నారు. ఇల్లు పాతదని వాళ్ళకు మొదటి రోజే తెలుసు. నడుమ గోడను పగలగొట్టింది వాళ్ళ సుత్తే. దీని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ కనిపించడం లేదు.

బాగుచేసిన తీరు కాస్త వివరంగా రాస్తాను, పాత ఇళ్ళవాళ్ళకు పనికొస్తుంది. ముందు గది లోపల, గోడకు రెండడుగుల ఇవతల, దంతెల కింద అడ్డంగా పొడుగు కొయ్య పెట్టి, దాని కింద జాకీలు వరసగా నిలిపారు. జాకీల కింద నేల మీద కూడా పలకలు పరిచారు, బరువు ఒకే చోట గుచ్చుకోకుండా. ఆ తర్వాతే కిటికీ విప్పారు. గోడ మందం ఎక్కువ కాబట్టి పని రెండు విడతలు చేశారు. లోపలి సగం గోడను తొలిచి, రెండు చివర్లా కాంక్రీటు దిమ్మెలు (బెడ్ బ్లాకులు) పోసి, వాటిమీద తొమ్మిదంగుళాలు ఆనేలా ఐదంగుళాల ఐ సెక్షన్ ఇనుప దూలం కూర్చోబెట్టి, పైసందును గట్టి గ్రౌట్‌తో (సిమెంటు ముద్దతో) కూరారు. అది గట్టిపడ్డాక బయటి సగానికి రెండోది. పగిలిన ఇటుకలు తీసి కొత్తవి పెట్టి, సున్నం, ఇసుకతోనే కట్టారు. మెత్తటి గోడలో గట్టి సిమెంటు పెడితే పగులు పక్కకు జరుగుతుందని మేస్త్రీ ఒప్పుకోలేదు. జాకీలను ఒక్కసారిగా తీయలేదు, రోజుకు కొంచెం చొప్పున వదులు చేశారు.

నడుమ గోడను మళ్ళీ కట్టుకుంటే ఖర్చు తక్కువ అని ఇంజనీరు చెప్పాడు. అమ్మ కోసం ఇనుప దూలాలకే ఒప్పుకున్నాం. ఆ ఖర్చు మొదట కిటికీకి పెట్టినదాని కంటే ఎక్కువే అయింది. పైగా యూపీవీసీ ఫ్రేమ్ మూలలు వేడితో అతికించేవి, వంగిన పైపట్టీ ఒక్కటే మార్చడం కుదరదు. బయటి ఫ్రేమ్ మొత్తం కొత్తది చేయించాం. తలుపులు, అద్దాలు మాత్రం పాతవే, చెక్కు చెదరలేదు. ఆ నాణ్యత ఒప్పుకోవాలి.

ఇప్పుడు తలుపు ఒక వేలితో జరుగుతుంది. పగులు ఉన్నచోట సిమెంటు బిళ్ళ అడ్డంగా అతికించి తేదీ రాశాం. గోడ కదిలితే ముందు అదే చీలుతుంది. ఇంతవరకు చీలలేదు. మిద్దె మీద నీళ్ళు నిలవడం పూర్తిగా పోలేదు, తగ్గింది. దిగిన దంతెలను పాత మట్టానికి ఎత్తడం మంచిది కాదన్నారు.

కొనొచ్చా అని అడిగేవాళ్ళకు ఒకే జవాబు ఇవ్వలేను. కొర్లగుంటలో మా బావమరిది పిల్లర్ల ఇంట్లో ఇదే కిటికీని ఉన్న సందులోనే, ఉన్న కొలతకే బిగించుకున్నాడు. లింటెల్ ముట్టుకోలేదు, ఏ ఇబ్బందీ లేదు. అలాంటి ఇంట్లో నేనూ నిశ్చింతగా కొంటాను. అక్కడ కూడా వెడల్పు పెంచుతామంటే ఒప్పుకోకండి. సన్‌షేడ్ లింటెల్‌తో కలిపి పోసినదైతే, చివర్లు కోసినప్పుడు దాని పట్టు కూడా పోతుంది. మాలాంటి గోడల ఇంటికి మాత్రం ముందు మేస్త్రీనో ఇంజనీరునో పిలిచి, పైన ఏముందో చూపించి, లింటెల్ పని వాళ్ళతో చేయించాకే కిటికీవాళ్ళను పిలవాలి.

మా వెనక గదిలో చెక్క కిటికీలు రెండున్నాయి. ఊచలు తుప్పు పట్టాయి, ఒక రెక్క ఊడింది. మారిస్తే అదే కొలతకు మారుస్తాం. వాటిపైన ఉన్న చెక్క లింటెళ్ళను పూత గీకి చూడటానికి ఇంజనీరు ఈ వానలు తగ్గాక వస్తానన్నాడు. చెదలు లేవని ఆయన చెప్పాకే కొటేషన్ అడుగుతాను.