కళ్ల కింద నలుపుకి లాక్టిక్ పీల్: గుంటూరులో నేను చేయించుకున్నది

పీల్ అంటే చర్మం మీద తేలికపాటి యాసిడ్ రాసి, పైపొర సన్నటి పొట్టుగా లేచిపోయేలా చేయడం. నాకు వాడింది లాక్టిక్ యాసిడ్. ముందు ఫలితం చెప్పేస్తాను. కళ్ల కింద గోధుమరంగులో ఉండే నలుపు బాగా తగ్గింది. ముక్కు పక్కన మూలలో ఉండే నీలిఛాయ తగ్గలేదు. గుంట వల్ల పడే నీడ ఎలా ఉన్నది అలాగే ఉంది. ఇలాగే అవుతుందని డాక్టరుగారు పైసా తీసుకోకముందే చెప్పారు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

నాది మగ్గం వర్క్, బ్లౌజుల షాపు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే రాత్రి పొద్దుపోయేదాకా లైటు కింద సూది పనే. మా అమ్మకీ పెద్దమ్మకీ కూడా కళ్ల కింద నలుపే, మా ఇంట్లో అందరికీ ఉన్నదే. దానికితోడు బట్టల దుమ్ముకి కళ్లు దురదపెట్టి రోజూ నలుపుకోవడం. ఎంత బాగా నిద్రపోయి వచ్చినా "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్లే. ఇదేం పెద్ద సమస్య అంటారు కొందరు. పొద్దున్నుంచి రాత్రిదాకా కస్టమర్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లకి పెద్ద సమస్యే.

మొదట విజయవాడలో పెద్ద హంగున్న క్లినిక్ ఒకటి చూశాను. డాక్టరు దగ్గరికి పంపకముందే కౌన్సెలర్ అనే అమ్మాయి ట్యాబ్‌లో ఫొటోలు చూపించి, ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ 24,000 రూపాయలు, ఈరోజే కడితే తగ్గింపు అంది. నా చర్మం ఎలాంటిదో ఎవరూ చూడనేలేదు. ఆలోచించుకుని చెప్తానని లేచి వచ్చేశాను.

గుంటూరు కొత్తపేటలో ఈ డాక్టరుగారి దగ్గరికి నా కస్టమర్ ఒకావిడ పంపించారు. ఎండీ డీవీఎల్, అంటే చర్మవ్యాధుల్లో పీజీ చేసినవారు, బోర్డు మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంది. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతికి అద్దమిచ్చి, కింది రెప్ప దగ్గర చర్మాన్ని వేలితో మెల్లగా సాగదీసి చూసుకోమన్నారు. సాగదీసినా గోధుమరంగు అలాగే ఉంది. అది చర్మంలో పేరుకున్న మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. ముక్కు వైపు మూల మాత్రం ఇంకాస్త నీలంగా తేలింది. అక్కడ రంగు చర్మానిది కాదు, పల్చటి చర్మం కింద రక్తనాళాలు కనబడుతున్నాయి. తర్వాత ముఖం పైకెత్తి లైటు వైపు తిప్పమన్నారు. గుంట దగ్గర నలుపు సగం పోయింది, అది ఉత్త నీడ కాబట్టి. "పీల్ పనిచేసేది మొదటిదాని మీదేనమ్మా. మిగతా రెండిటికీ పీల్ చేస్తే మీ డబ్బు దండగ" అన్నారు. ఇంత వివరంగా నా ముఖం నాకే చూపించినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

వెంటనే పీల్ చేయలేదు కూడా. రక్తపరీక్ష రాశారు. రక్తం తక్కువగా ఉంటే ముఖం పాలిపోయి కళ్ల కింద నలుపు ఎక్కువగా కనిపిస్తుందట. నాకు హిమోగ్లోబిన్ తక్కువే వచ్చింది, ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. దురదకి అలర్జీ మందు ఇచ్చారు. నలుపుకోవడం ఆపకుండా పీల్ చేస్తే ఒకపక్క తుడుస్తూ ఇంకోపక్క పూసినట్టే అన్నారు. ఆ తర్వాత కొన్ని వారాలు చర్మాన్ని సిద్ధం చేయడం: పగలు సన్‌స్క్రీన్, రాత్రి నలుపు తగ్గించే కోజిక్ యాసిడ్ ఉన్న క్రీమ్. మన చామనఛాయ చర్మానికి ఈ దశ చాలా ముఖ్యం. మనకి చిన్న మంట, చిన్న గాయం తగిలినా అక్కడ మచ్చ నల్లగా మిగిలిపోతుంది. తొందరపడి గట్టి యాసిడ్ పెడితే తగ్గించుకోవడానికి వెళ్లి ఇంకా పెంచుకుని వస్తాం.

కంటి కింద చర్మం దాదాపు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది. అందుకే బుగ్గలకి వాడే గాఢత అక్కడ వాడరు. పీల్స్‌లో గ్లైకోలిక్, మాండెలిక్, ఆర్జినిన్, టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్) అని రకరకాలున్నాయి. గ్లైకోలిక్ అణువు చాలా చిన్నది కాబట్టి త్వరగా లోపలికి దిగుతుంది, మాండెలిక్ పెద్దది కాబట్టి నిదానంగా దిగుతుంది. నాకు తక్కువ గాఢతలో లాక్టిక్ ఎంచుకున్నారు.

చేసే పద్ధతి చెప్తాను, భయపడేవాళ్లకి ఉపయోగం. ముఖం కడిగించి, కళ్ల కింద జిడ్డు పోయేలా తుడిచారు. కంటి మూలల్లో, రెప్పవెంట్రుకల వెంబడి, ముక్కు పక్కన మడతలో వాజిలిన్ రాశారు. యాసిడ్ అక్కడికి పాకకుండా అది కట్టలాగా ఆపుతుంది. తల వైపు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టారు. ఇయర్ బడ్‌ని మందులో ముంచి, గిన్నె అంచుకి ఒత్తి, చుక్క కారదని చూసుకుని అప్పుడు రాశారు. ఒక కంటి కింద రాసి ఇంకో కంటికి వెళ్లేలోపే చిన్నగా చురచుర మొదలైంది. నర్సు టైమ్ చూస్తూ, రెండో చేత్తో గాలి విసురుతూ ఉంది. నాకు కంట్లో నీళ్లు తిరిగాయి. వెంటనే పొడి బడ్‌తో అద్దేసింది, ఎందుకంటే కన్నీటి తడి వెంబడి యాసిడ్ కంట్లోకి జారే ప్రమాదం ఉంటుంది. చల్లటి నీళ్లలో తడిపిన గాజుగుడ్డతో తుడిచేశాక మంట చాలావరకు పోయింది. నొప్పి అని చెప్పుకునేంత ఏమీ లేదు. ఆ నర్సు చేతికి దండం పెట్టాలి, అంత శ్రద్ధ.

ఆ సాయంత్రం కొంచెం ఎర్రదనం. తర్వాత చర్మం బిగుతుగా ఎండినట్టయి, సన్నటి పొట్టు లేచింది. దాన్ని చేత్తో లాగకూడదు. అది పోయేదాకా కాటుక లేదు, కన్సీలర్ లేదు, ఉత్త మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి సన్‌స్క్రీన్ మళ్లీ రాయాల్సిందే. మన గుంటూరు ఎండకి గొడుగు, కళ్లజోడు కూడా.

మార్పు మొదట అంచుల్లో కనిపించింది. బుగ్గ మీదికి పాకినట్టుండే నలుపు వెనక్కి తగ్గి, తర్వాత మధ్యలో తేలికైంది. దారాల షేడ్ కార్డులో చూస్తే రెండు గళ్లు పక్కకి జరిగినట్టు. సన్నటి గీతలు కూడా కాస్త సర్దుకున్నాయి. క్లినిక్‌లో ప్రతిసారీ అదే కుర్చీ, అదే లైటు, ఫ్లాష్ లేకుండా ఫొటో తీస్తారు కాబట్టి తేడా ఉందో లేదో మన కంటితో మనమే తేల్చుకోవచ్చు. ఈ తగ్గుదలలో ఐరన్ మాత్రల వాటా, అలర్జీ మందు వాటా ఉన్నాయని నా నమ్మకం. పీల్ ఒక్కదానికే మొత్తం పేరు ఇవ్వను.

సిట్టింగుకి 1,800 రూపాయలు. ప్యాకేజీ లేదు, అడ్వాన్సు లేదు. మామూలుగా రెండు మూడు వారాల తేడాతో నాలుగు నుంచి ఆరు దాకా అవసరమవుతాయని చెప్పారు. అయిపోయాక కూడా ఎండ, నలుపుకోవడం కొనసాగితే రంగు మళ్లీ వస్తుంది. గుంటకి ఫిల్లర్, అంటే గుంటని నింపే ఇంజెక్షన్ ఉందన్నారు కానీ కంటి దగ్గర సూది అంటే నాకు ఇష్టం లేదు, వాళ్లూ బలవంతం చేయలేదు.

పెదాల మీద జ్వరం పొక్కులు (హెర్పిస్) తరచూ వచ్చేవాళ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు, రెటినాల్ క్రీములు వాడేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే 30 శాతం పీల్ సీసాలు మాత్రం కళ్ల కింద రాయొద్దు, దయచేసి. కంటి చుట్టూ వాడొద్దని చాలా సీసాల మీదే రాసి ఉంటుంది. పైగా శాతం ఒక్కటే కాదు, పీహెచ్ (ఆమ్లగుణం కొలత) ఎంత ఉందన్నదాన్ని బట్టి కూడా దాని పదును మారుతుంది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం అపాయింట్‌మెంట్ ఉన్నా గంటపైన కూర్చోవాలి. అక్కడ అమ్మే రంగు సన్‌స్క్రీన్ మన ఛాయకి తెల్లగా తేలుతుంది, నేను బయట కొనుక్కున్నాను. పీల్ తర్వాత ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసిచ్చే కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మా షాపులో పనిచేసే అమ్మాయికి కూడా ఇక్కడే చేయించాలనుకుంటున్నాను, తనకి ఇంగ్లీషు చదవడం రాదు. ఇంటికెళ్లాక పొట్టు లాగకూడదు, ఎండలో తిరగకూడదు అన్నవే అసలు ముఖ్యమైన జాగ్రత్తలు కదా. ఆ కాగితం తెలుగులో అచ్చువేయించమని రిసెప్షన్‌లో చెప్పాను, కావాలంటే రాసి కూడా ఇస్తానన్నాను. డాక్టరుగారిని అడిగి చెప్తామన్నారు.