కూతవేటు దూరమన్నారు, ఏడు కిలోమీటర్లు తేలింది

"స్టేడియానికి కూతవేటు దూరం" అని బుకింగ్ యాప్‌లో రాసుంది. తీరా కొలిస్తే ఏడు కిలోమీటర్లు. అందులో చివరి రెండూ మట్టిబాట, వీధి దీపమన్నది లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఫుట్‌బాల్ కోసం హైదరాబాదు వెళ్ళేవాళ్ళెవరూ ఇకమీదట అలాంటి గదికి డబ్బు తగలేయకూడదని ఇది రాస్తున్నాం. కేరళలోని కోజికోడ్ ముచ్చట కూడా ఉంది గానీ, ముందు ఈ కడుపుమంట చల్లారాలి.

ఆటల ఫలితాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ దారి, బస, తిండి, వాటికైన ఖర్చు మాత్రమే. సీజను 2023–24 ఐ-లీగ్‌ది.

ఆ లీగ్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 2022–23 నుంచి దేశ ఫుట్‌బాల్‌లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొదటి అంచె, ఐ-లీగ్ రెండో అంచె అయ్యాయి. ఆ సీజన్‌లో ఐ-లీగ్ పట్టికలో మొదట నిలిచిన జట్టొక్కటే పైన ఐఎస్ఎల్‌కు పోయేది, అదీ క్లబ్ లైసెన్సు షరతులు నెగ్గితేనే. రెండో స్థానంవాళ్ళకు ఇంకో అవకాశమిచ్చే ప్లేఆఫ్ ఆట కూడా లేదు. మన తెలుగువాళ్ళకు దగ్గరి జట్టు శ్రీనిధి డెక్కన్. 2015లో విశాఖలో పుట్టి తర్వాత హైదరాబాదు చేరింది. 2022–23లో పంజాబ్ వెనక రెండో స్థానం, 2023–24లో కోల్‌కతా జట్టు మహమ్మడన్ స్పోర్టింగ్ వెనక మళ్ళీ రెండో స్థానం. కోజికోడ్ జట్టు గోకులం కేరళది ఇంకో రకం దురదృష్టం. 2020–21, 2021–22ల్లో వరసగా రెండుసార్లు లీగ్ గెలిచింది, కానీ అప్పటికి పైకి వెళ్ళే తలుపు తెరవలేదు.

ప్రయాణికుడికి ఇందులో పనికొచ్చే సంగతొకటుంది. ఒక్క జట్టే పైకి పోయే లీగ్‌లో లెక్క ముందే తేలిపోతే చివరి వారం ఆటలకు పస ఉండదు. 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మహమ్మడన్ 2–1తో ఆ ఊరి లాజాంగ్ జట్టును ఓడించగానే కథ ముగిసింది, ఇంకా ఆటలు మిగిలే ఉన్నాయి. చివరి ఆటకు టికెట్లు తీసుకుని కూర్చున్నవాళ్ళు ఉత్త చేతులతో మిగిలారు. 13 జట్లు, తలా 24 ఆటలు ఉన్న సీజన్‌లో చూడదగ్గ కాలం ఫిబ్రవరి, మార్చి. ఆట తేదీలు, వేళలు మారుతుంటాయి, అది కూడా లెక్కలో వేసుకోవాలి. అప్పట్లో రైలు టికెట్ 120 రోజుల ముందే తీసుకునే వీలుండేది, 2024 నవంబరు నుంచి 60 రోజులకు కుదించారు. స్లీపర్ టికెట్ ఖాయమయ్యాక రైలుకు 48 గంటల ముందు రద్దు చేసుకుంటే అప్పుడు తలకు 120 రూపాయలు పోయేది, ఆ గడువు దాటితే పావు వంతు. అందుకే ఆట వేళ మరోసారి చూసుకోవాల్సింది రెండు రోజుల ముందు కాదు, మూడు రోజుల ముందు.

హైదరాబాదుకు రైలు విషయంలో చాలామంది చేసే తప్పు సింహపురి ఎక్కడం. అది సికింద్రాబాదులో దింపుతుంది, శ్రీనిధి ఆడే డెక్కన్ అరీనా ఊరికి సరిగ్గా ఎదురు దిక్కున, మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో ఉంది. చార్మినార్ ఎక్కితే నాంపల్లిలో దిగొచ్చు, అక్కడికి మెహదీపట్నం దగ్గర. ఇంకా మేలు నారాయణాద్రి, లింగంపల్లి దాకా పోతుంది, ఊరి పడమటి వైపే దిగుతాం. మెహదీపట్నం నుంచి చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళే 288డి గానీ, మొయినాబాద్, చేవెళ్ళ వైపు పోయే బస్సు గానీ ఎక్కితే లంగర్‌హౌస్, అప్పా జంక్షన్ దాటాక అజీజ్‌నగర్ వస్తుంది. పోవడం ఇంత సుళువే. రావడమే ఏడుపు.

ఆట రాత్రి ఏడింటికి మొదలైతే రిఫరీ చివరి ఈల వేసేసరికి తొమ్మిది. చార్మినార్, నారాయణాద్రి రెండూ సాయంత్రమే వెళ్ళిపోయి ఉంటాయి. మిగిలింది సికింద్రాబాదులో పది ప్రాంతంలో బయల్దేరే సింహపురి. ముప్పై కిలోమీటర్ల పైన దూరం, మధ్యలో మెహదీపట్నం ట్రాఫిక్. దాన్ని అందుకోవాలంటే రెండో సగం మధ్యలోనే లేచిపోవాలి. అలా లేచిపోయేవాడు నెల్లూరు నుంచి అంతదూరం రావడం దేనికి? ఎల్బీనగర్‌లో రాత్రి పొద్దుపోయాక కూడా ప్రైవేటు బస్సులు ఉంటాయి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీదుగా తెల్లారేసరికి కావలి, నెల్లూరు చేరుస్తాయి. నడుము గట్టిగా ఉన్నవాళ్ళకు అదే నయం. మాతో వచ్చిన కావలి డ్రిల్లు మాస్టారికి అరవై దాటాయి, బస్సు ఆయన వల్ల కాదు. అందుకే రాత్రికి గది అనుకున్నాం, అక్కడే బోల్తా పడ్డాం.

అజీజ్‌నగర్, మొయినాబాద్ చుట్టుపక్కల లాడ్జీలు తక్కువ, ఫామ్‌హౌసులు ఎక్కువ. శని, ఆదివారాలు పుట్టినరోజు పార్టీలకు అద్దెకిస్తారు. మామూలు రోజుల్లో ఖాళీగా ఉండకూడదని ఒక్కో గదిని "స్టే" పేరుతో యాప్‌లో పెడతారు. దాన్ని నడిపే మనిషికి రాత్రి తొమ్మిదిన్నరకు అతిథి వస్తాడన్న ఊహే ఉండదు. యాప్‌లో గది 1,800. అక్కడికి పోయాక నాలుగో మనిషికి 500 అన్నాడు, నలుగురం అని బుకింగ్‌లోనే రాసి ఉన్నా. తర్వాత క్లీనింగ్ చార్జీ అని 600, పార్టీ చేసుకునేవాళ్ళ దగ్గర తీసుకునే రుసుమట. నలుగురం నేల మీద బిరియానీ పారబోస్తామనుకున్నాడో ఏమో. ఆపైన వెయ్యి రూపాయలు డిపాజిట్, ఫోన్‌పేలో, రసీదు లేకుండా. గేటు రాత్రి తొమ్మిదికే తాళం. కాపలావాడు ఫోను ఎత్తేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ గేటు బయట కుక్కలు, మేము. మాస్టారు ఒక్క మాటే అన్నారు: "అబ్బయ్యా, మనం బంతాట చూడ్డానికొచ్చామా, గొర్రెలు కాయడానికొచ్చామా?" ఆ తర్వాత మర్నాడు నాంపల్లి చేరేదాకా ఆయన నోరు విప్పలేదు.

లోపల ఏసీ ఉంది, రిమోటు లేదు. ట్యాంకులో నీళ్ళు ఉన్నాయి, మోటారు స్విచ్ తాళం వేసిన గదిలో ఉంది. తిండి తెప్పించుకుంటే తెచ్చినతను మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయాడు, మట్టిబాటలోకి రానన్నాడు. తప్పు అతనిది కాదు. 1,150 పెట్టి తెప్పించిన అన్నం రాత్రి పదకొండింటికి, చల్లారాక తిన్నాం.

ఆ వైపు గది తీసుకోక తప్పకపోతే యాప్‌ను నమ్మొద్దు, ఫోను చేసి అడగండి. గేటు ఎన్నింటికి మూస్తారు, మనిషి ఎవరుంటారు, తలకు ఎంత, ఒకే మొత్తంలో చెప్పమనండి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. లొకేషన్ పంపమని, దాని నుంచి స్టేడియానికి దూరం మీరే కొలవండి. యాప్ చూపించే గుర్తు ఒక్కోసారి ఊరి పేరు మీదే పడుతుంది, ఇంటి మీద కాదు. మమ్మల్ని ముంచింది అదే. అంతకన్నా మెహదీపట్నంలోనో లక్డీకాపూల్‌లోనో గది తీసుకోవడం మేలు. మర్నాడు సికింద్రాబాదు నుంచి ఆరు దాటగానే వందే భారత్ ఉంది, మధ్యాహ్నానికి నెల్లూరులో ఉంటాం. అది నడవని రోజు వారంలో ఒకటుంటుంది, చూసుకోవాలి. అజీజ్‌నగర్ నుంచి దాన్ని అందుకోవాలంటే మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే బయటపడాలి.

ఆటో గురించి కూడా. ఆట అయ్యాక స్టేడియం బయట ఉండే ఆటోలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయేటప్పుడు 250 అన్న దూరానికి వచ్చేటప్పుడు 400. తిరుగు బేరం దొరకదు కాబట్టి అడుగుతారు, అందులో కొంత న్యాయం ఉంది. తీసుకొచ్చిన ఆటోనే వెయిటింగుకు ఉండమని ముందే బేరం కుదుర్చుకోవడం ఒక్కటే దారి.

స్టేడియం మాత్రం ముద్దుగా ఉంది. పదిహేను వందల మంది పడతారు, అంతే. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో దూరం నుంచి చూసి అలవాటైన కళ్ళకు ఇక్కడ కోచ్ అరుపులు, బూటు తగిలిన చప్పుడు కూడా వినిపిస్తాయి. అంత దగ్గర. పగలు ఖాళీ ఉంటే చిలుకూరు గుడి పక్కనే. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. శ్రీనిధి పైకి పోవాలని 11 చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ సీజన్‌కు 108 బాకీ పడలేదు.

ఇక కోజికోడ్. నెల్లూరు నుంచి పొద్దున పినాకినిలో చెన్నై సెంట్రల్, రాత్రి ఎనిమిది ప్రాంతంలో మంగళూరు మెయిల్, తెల్లారి టిఫిను వేళకు కోజికోడ్. మధ్యాహ్నపు వెస్ట్‌కోస్ట్ అందుతుందని ఆశపడొద్దు, అందినా నడిరాత్రి దింపుతుంది. స్టేషన్ బయట ఆటో ఎక్కగానే అతను అడగకుండానే మీటరు వేశాడు. కనీసం 30, ఒకటిన్నర కిలోమీటరు దాటాక కిలోమీటరుకు 15. అక్కడి మావూర్ రోడ్డులో దిగేసరికి మీటరు 36. యాభై నోటిస్తే పద్నాలుగు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. అజీజ్‌నగర్ చూసొచ్చిన చేతులకు ఆ చిల్లర బంగారంలా అనిపించింది. కోజికోడ్ ఆటోవాళ్ళ నిజాయితీ గురించి కేరళ అంతా చెప్పుకుంటారు, ఊరికే కాదు. ఒకటే ఇబ్బంది, ముగ్గురికి మించి ఎక్కించుకోరు. నలుగురికి రెండు ఆటోలు.

ఈఎంఎస్ కార్పొరేషన్ స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంది. గ్యాలరీల కింద చుట్టూ దుకాణాలే. ఆట అయ్యాక జనంతో పాటు నడుచుకుంటూ గదికి వచ్చేశాం. డబుల్ రూము 1,100, రెండు గదులు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా అని గోడ మీదే రాశారు, ఆ మాట ప్రకారమే వచ్చాయి. చెక్ అవుట్ మధ్యాహ్నం పన్నెండు, చెన్నై మెయిల్ సాయంత్రం. ఆ మధ్య సామాను కింద కౌంటరు దగ్గర పెట్టుకోనిచ్చారు, పైసా అడగలేదు.

తిండికి ప్రత్యేకంగా రాయాలి. కోజికోడ్ బిరియానీకి వాడేది పొడుగు బాస్మతి కాదు, పొట్టి గింజ కైమ బియ్యం. మన చిట్టిముత్యాల చెల్లెలనుకోండి. కారం తక్కువ, నెయ్యి వాసన ఎక్కువ. మొదటి ముద్దకు చప్పగా ఉందనిపిస్తుంది, నాలుగో ముద్దకు చెయ్యి ఆగదు. అక్కడ అయిల అంటే మన కానాగంతే. పులుసులో మామిడికాయ కూడా పడుతుంది గానీ కొబ్బరి పాలు చేరేసరికి అది నెల్లూరు పులుసు కాదు, దాన్ని దీంతో పోల్చి గొడవపడొద్దు. మాస్టారు రెండు ముక్కలు తిని మూడో ముక్క అడిగారు, హైదరాబాదు తర్వాత ఆయన మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు. పైన పాలు లేని సులైమాని టీ. మిఠాయి తెరువులో హల్వా ముక్క కోసి రుచి చూపించాకే తూకం వేస్తారు. కిలో 320. మన మలైకాజాకు సాటి కాదని నెల్లూరు వర్గం, సాటేనని కావలి వర్గం, గూడూరు దాకా వాదన సాగింది. రంజాన్ నెలలో వెళ్తే పగలు చాలా బిరియానీ హోటళ్ళు మూసి ఉంటాయి, సాయంత్రం తెరుస్తారు. ఆట ఏడింటికైతే తిండి ఆట తర్వాతకు పెట్టుకోవాలి.

మహమ్మడన్ ఆ సీజన్‌లో ఎక్కువగా ఆడిన, కోల్‌కతా దగ్గరి నైహాటికి మేం పోలేదు. పోదలచినవాళ్ళకు దారి: నెల్లూరులో హౌరా మెయిల్, హౌరా నుంచి సియాల్దా స్టేషను, సియాల్దా నుంచి లోకల్ రైల్లో గంట సేపు. బస కోల్‌కతాలోనే పెట్టుకోండి.

రైలు చార్జీ పక్కనపెట్టి నలుగురికి అయిన ఖర్చు ఇది. హైదరాబాదులో గది పేరుతో 2,900, ఆటోలు మొదట 480, తర్వాత స్టేడియానికి 250, తిరిగి వచ్చేటప్పుడు 400, మర్నాడు నాంపల్లికి కారు 860, తిండి 1,150. మొత్తం 6,040, తలకు 1,510. కోజికోడ్‌లో గదులు 2,200, ఆటోలు రానుపోను 144, తిండి 1,456, హల్వా 320. మొత్తం 4,120, తలకు 1,030. హైదరాబాదు లెక్కలో డిపాజిట్ వెయ్యి కలపలేదు. రెండు పనిదినాల్లో వెనక్కి వేస్తామన్నారు. ఏ రెండో చెప్పలేదు.