పాపతో ఊరు మారాలని: శ్రీకాకుళం, విజయనగరం వైపు మేం చూసిన ఊళ్ళు

ఊరు మారాలనుకునేవాళ్ళు ముందు అద్దెలు, నెట్, కరెంటు సంగతి వాకబు చేస్తారు. మేమూ చేశాం. ఈ వేసవిలో ఉత్తరాంధ్ర ఊళ్ళు తిరుగుతున్నప్పుడు మాత్రం నా మనసులో ఒకటే ప్రశ్న: సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఏడేళ్ళ పిల్ల ఇక్కడ ఏం చేస్తుంది? హైదరాబాదులో ఆ రెండు గంటలూ మా పాప టీవీ ముందే కూర్చుంటుంది. కింద ఆడుకోవడానికి ఉన్నదంతా కార్ల పార్కింగే. మా ఆయనది ఇంటి నుంచి చేసే పని, అప్పుడప్పుడూ విశాఖ ఆఫీసుకి వెళ్ళొస్తే సరిపోతుంది. అందుకే విశాఖకి రైలో బస్సో ఉన్న ఊళ్ళనే చూశాం.

శ్రీకాకుళం మీద నాకు ముందు నుంచీ మక్కువ. కథకుడు కాళీపట్నం రామారావు గారు, అదే కారా మాస్టారు, 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉన్న ఊరది. విశాఖ-ఏ కాలనీలో ఆ మేడ చూశాక, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఒక మనిషి అంత పట్టుదలగా పూనుకున్న ఊళ్ళో పిల్లని పెంచుకోవాలని గట్టిగా అనిపించింది. నాగావళి ఊరి మధ్య నుంచే పారుతుంది, అరసవల్లి గుడి పక్కనే. అయితే మేం దిగిన లాడ్జి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర. తెల్లవారుజామున నాలుగింటి నుంచే బస్సు హారన్లు. వేణ్ణీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు, గది మాత్రం శుభ్రంగా ఉంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు కాంప్లెక్స్‌కి దూరంగా, కాలనీల వైపు గది తీసుకోవడం మేలు. ఏడు రోడ్ల జంక్షన్ దాటడానికి పాప నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. రైలెక్కాలంటే ఆమదాలవలస వెళ్ళాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అక్కడే ఉంది. ప్రతిసారీ ఆటో, మళ్ళీ ఆటో. పెద్దాసుపత్రీ, మెడికల్ కాలేజీ ఊళ్ళోనే ఉండటం మాత్రం చాలా పెద్ద ధైర్యం.

శ్రీకాకుళం జిల్లాలోనే తీరం వెంట ఉన్న ఉద్దానం వైపు వెళ్ళినప్పుడు కళ్ళకి పండగే. కొబ్బరి, జీడిమామిడి తోటలు, వాటి వెనకాల సముద్రం. అక్కడే ఉండిపోదామని పాప అడిగింది. కానీ దశాబ్దాలుగా అక్కడి జనాన్ని కిడ్నీ జబ్బు పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, ఆ పల్లెలకి హిరమండలం నుంచి తాగునీరు వచ్చాయి. అక్కడివాళ్ళు ఎన్నేళ్ళు అడిగితే వచ్చినవో అవి. ఆ నేల మీదే పుట్టి పెరిగినవాళ్ళు వదిలి వెళ్ళలేరు. బయట నుంచి చిన్నపిల్లని తీసుకెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

రాజాం ఊరంతా కాలేజీ పిల్లల సందడి. ఒక పూట ఉండి వచ్చేశాం.

బొబ్బిలి దగ్గర మాత్రం మా మనసు ఆగిపోయింది. విజయనగరం నుంచి రాయపూర్ వైపు వెళ్ళే లైను మీద ఉంది, రైలు దిగితే ఊరే. పక్కనున్న గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళ ఇంటికి వెళ్ళాం. ఒకే పనసదుంగని తొలిచి చేసే ఏకాండి వీణ అది. అరుగు మీద ఒకాయన దుంగని రెండు కాళ్ళ మధ్య ఇరికించి ఉలితో లోపల చెక్కుతున్నాడు. పసుప్పచ్చటి పొట్టు పాప గౌను నిండా పడింది. ఇంకొక పూర్తయిన వీణ మీద మైనంలో నిలబెట్టిన మెట్లని పాప వేలితో లెక్కపెట్టింది. ఇరవై నాలుగని చెప్పేసరికి ఆయన తల ఎత్తి, "సరిగ్గా సెప్పినావమ్మా" అన్నాడు. వాళ్ళావిడ మాకు మజ్జిగిచ్చి, "గుంటని ఇక్కడి బడిలోనే ఏస్తారేటమ్మా?" అని అడిగింది. గుంట అంటే అక్కడివాళ్ళ మాటలో పిల్ల. వెంటనే అవునని చెప్పేయాలనిపించింది.

అద్దెలు తక్కువ. వీధుల్లో సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. నెట్ కూడా బాగానే వచ్చింది, మా ఆయన లాడ్జి గదిలోంచే మీటింగులు నడిపాడు. ఒక మందుల షాపులో అడిగాను, రాత్రి పూట పిల్లకి జ్వరం ఎక్కువైతే ఎక్కడికి వెళ్తారని. "విజయనగరం తీసుకుపోవాలమ్మా" అన్నాడు ఆ కుర్రాడు. మా పాపకి చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. అర్ధరాత్రి యాభై కిలోమీటర్లు అంటే నాకు గుండె జారిపోయింది. పిల్లలు కాస్త పెద్దవాళ్ళై, ఆరోగ్యం బెంగ లేనివాళ్ళకి నేను బొబ్బిలే చెప్తాను.

చివరికి విజయనగరం దగ్గర ఆగాం. గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టూ రద్దీ, దుమ్ము, ఎండ, అన్నీ ఉన్నాయి. సాయంత్రం పూట స్కూటరు ఆపుకోవడానికే చోటుండదు. కానీ కంటోన్మెంటు వైపు చెట్లున్నాయి, అయ్యకోనేరు గట్టు చుట్టూ జనం నడుస్తారు. ఘోషాసుపత్రి అంటే ఆటోవాడికి ఇంకేం చెప్పనక్కర్లేదు, తల్లీపిల్లల ఆసుపత్రి అది. రైల్లో విశాఖకి పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇక్కడిదే. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే. ఆ గోడ పక్కగా వెళ్తుంటే లోపల ఎవరో వయొలిన్ మీద ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ సాధన చేస్తున్నారు. పాప గేటు దగ్గర నిలబడిపోయింది. చిన్నపిల్లలకి ఇంటి దగ్గర పాట చెప్పే మాస్టారు ఒకరు నడిచి వెళ్ళే దూరంలోనే దొరికారు. నా నాలుగు-ఆరు ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

ఇళ్ళు చూసేటప్పుడు ఓనరుని ఏప్రిల్, మే నెలల్లో కుళాయి ఎంతసేపు వస్తుందో అడగండి. ఆయన జవాబుతో ఊరుకోకుండా పక్కింటివాళ్ళనీ అడగండి. మాకు ఒక ఇంట్లో ఓనరు రెండు పూటలన్నారు, పక్కింటావిడ ట్యాంకర్ తెప్పించుకుంటామంది. వానాకాలంలో వీధిలో నీళ్ళు నిలుస్తాయేమో కిరాణా కొట్టువాణ్ణి అడిగితే సరిగ్గా చెప్తాడు. ఈ తీరంలో హుద్‌హుద్ తుఫాను 2014లో, తిత్లీ తుఫాను 2018లో అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి మేడమీద రేకుల షెడ్డున్న ఇల్లు వద్దనుకున్నాం.

అయ్యకోనేరు వైపు రెండు గదుల పోర్షనుకి అడ్వాన్సు ఇచ్చాం. బడులు తెరిచేలోగా పాత బడిలో టీసీ తీసుకుని మంచాలు, గ్యాసు, పాప పుస్తకాలతో వెళ్ళిపోతాం. ఫ్రిజ్, బీరువాలు మాత్రం అక్టోబరు దాటాకే తెచ్చుకుంటాం.