రీసేల్ ఫ్లాట్ కొంటున్నారా? బాత్రూమ్ సీలింగ్ విప్పించకుండా బయానా ఇవ్వకండి

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు పదేళ్లు దాటిన అపార్ట్‌మెంట్, ఓనరే అమ్ముకున్న ఫ్లాట్, మధ్యలో మామూలుగా ఉండే బ్రోకరు. కొత్త రంగులు, కొత్త ఫాల్స్ సీలింగ్, మెరిసే కుళాయిలు. రిజిస్ట్రేషన్ ఖర్చే విలువ మీద 7.5 శాతం. అదంతా కట్టి లోపలికి వచ్చాక బయటపడిన సంగతి ఇది.

బాత్రూమ్ పీవీసీ సీలింగ్‌లో లైటు చుట్టూ పసుపు మరక, చుక్కలు. ప్లంబరు రెండు పలకలు ఊడదీశాడు. పై ఫ్లాట్ వాళ్ల నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) కింద, సగానికి కోసిన పెయింటు బకెట్‌ని బైండింగ్ వైరుతో వేలాడగట్టి ఉంది. దాని అడుగున కన్నం పెట్టి, అరంగుళం పైపు బిగించి, చుట్టూ ఎంసీల్ (సందులు పూడ్చే ముద్ద) పట్టించి, వెంటిలేటర్‌లోంచి బయట పైపులు దిగే డక్టులోకి వదిలారు. ఆ పైపులో పాచి పేరుకుని మూసుకుపోవడంతో బకెట్ నిండి పొర్లింది. దాని వెనక స్లాబు పెచ్చులూడి, చువ్వలు తుప్పుతో ఉబ్బి కనిపిస్తున్నాయి.

ఫోన్ చేస్తే ఫ్లాట్ అమ్మిన ఓనరు అన్న మాట: "మీరు వచ్చి అంతా చూసుకునే తీసుకున్నారు కదండీ. సీలింగ్ విప్పి చూపించమని అడిగారా?"

బకెట్ కట్టించిన మనిషి అనే మాటేనా ఇది! లీకు తెలియక కాదు, తెలిసి దాని కింద బకెట్ కట్టి, ఆ బకెట్ కనపడకుండా సీలింగ్ వేయించి, ఆ సీలింగ్‌ని "కొత్తగా చేయించాం" అని చూపించి రేటు చెప్పారు. అమ్మే ముందు ఇంటికి రంగులు వేయించుకోవడం, సామాను సర్దుకోవడం ఎవరూ తప్పనరు. లీకు బాగుచేయించి, బిల్లు చూపించి అమ్మితే కొనేవాడు ఇంకో లక్ష ఎక్కువ ఇచ్చినా సంతోషంగా ఇస్తాడు. దాచడం మాత్రం మోసమే. నా కోపం కాదు, చట్టమే అంటోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనపడని ముఖ్యమైన లోపం తనకు తెలిసుంటే అమ్మేవాడు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది మోసం కిందికే వస్తుంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఈ రక్షణ పలచబడుతుంది. అందుకే అగ్రిమెంటులో "ఉన్నది ఉన్నట్టుగా" అనే ముక్క కనిపిస్తే సంతకం పెట్టకండి.

ఈ లీకు కింద నుంచి బాగుపడదు. అసలు బాధ ఇక్కడే. బాత్రూమ్ స్లాబు గది స్లాబుకన్నా దిగువన ఉంటుంది, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి పైన టైల్స్ వేస్తారు. ట్రాప్ చుట్టూ జాయింటు వదులైనా, టైల్స్ మధ్య సందులు విడిపోయినా నీళ్లు ఆ నింపుడులో నిలిచి మెల్లగా కిందికి ఊరుతాయి. కింద నుంచి కెమికల్ ఎక్కించినా, సిమెంటు పూసినా కొన్నాళ్లకు పక్కన మరోచోట ఊట వస్తుంది. పై వాళ్ల టైల్స్ పగలగొట్టి, నింపుడు తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాకే మళ్లీ టైల్స్ వేయాలి. అంటే మీ స్లాబు బాగు పై ఓనరు చేతుల్లో ఉంది. ఆయన అమెరికాలో ఉండి, అద్దెకున్నవాళ్లు "మాకేం తెలుసు" అంటే మీ పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

గోడల సంగతి కూడా వినండి. నెమ్ము గోడ మీద పుట్టీ రెండు కోట్లు, పైన ఖరీదైన ఎమల్షన్ వేస్తే కొన్ని వారాలు అద్దంలా ఉంటుంది. లోపలి తేమ ఆరేటప్పుడు ఉప్పు పైకి వచ్చి పొరను బుడగలా లేపుతుంది. కాబట్టి ఇల్లంతా పాత రంగుండి బాత్రూమ్‌ని ఆనుకున్న బెడ్రూమ్ గోడకు మాత్రం కొత్త రంగో, వాల్‌పేపరో, పీవీసీ ప్యానెలో ఉంటే అక్కడే ఆగండి. పగలే లైట్లన్నీ వేసి చూపిస్తే ఆపించండి. ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కవాటంగా వేస్తే ఎగుడుదిగుళ్లన్నీ నీడలుగా తేలతాయి. అడిగి ఒక స్విచ్‌బోర్డు ప్లేటు విప్పించండి, మెయిన్ ఆపాకే. లోపలి ఇనుప డబ్బాకీ స్క్రూలకీ తుప్పుంటే ఆ గోడ తడి తాగుతోందని అర్థం. ఆ తుప్పుకి రంగు వేయాలని ఎవరికీ తోచదు. బాత్రూమ్ ద్వారబంధం అడుగున స్క్రూడ్రైవర్‌తో నొక్కండి, మెత్తగా దిగితే చెక్క పుచ్చి పైన పుట్టీ పెట్టారన్నమాట. వార్డ్‌రోబ్ కింది అర తెరిచి వాసన చూడండి. అగరొత్తులు, రూమ్ ఫ్రెష్‌నర్ ఆ మూల దాకా వెళ్లవు.

నీళ్ల విషయంలో సంపు నిండుగా ఉందని మురిసిపోవద్దు, చూపించే ముందురోజు ట్యాంకరు పోయించొచ్చు. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్కల్లో ట్యాంకర్ల ఖర్చు చూడండి.

బయానాకి ముందు సీలింగ్‌లో రెండు పలకలు విప్పించండి, మళ్లీ బిగించే కూలి మీరే ఇస్తామనండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి. లీకులు, నెమ్ము లేవని, ఉంటే అవి ఫలానావని ఓనరు చేత అగ్రిమెంటులో రాయించుకోండి. పై ఫ్లాట్ వాళ్లతో, కింది ఫ్లాట్ వాళ్లతో బ్రోకరు లేకుండా ఒకసారి మాట్లాడండి. ఈ లీకు మీద ఎవరెవరికి ఎన్నాళ్లుగా గొడవ నడుస్తోందో వాచ్‌మన్‌కి కూడా తెలిసే ఉంటుంది.