ఓబీడీ సాకెట్‌లో గుచ్చే ‘మైలేజీ పెంచే’ పరికరం కొంటున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానరు తగిలించి బండి లోపాలు చూసే చోటు) అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా గుచ్చితే చాలు, 15 నుంచి 35 శాతం దాకా ఇంధనం మిగులుతుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పెట్రోలు కారుకు ఒక రంగు, డీజిలు కారుకు ఇంకో రంగు. దయచేసి కొనకండి. ధర కొన్ని వందలే కదా, ఒకసారి చూద్దాం అని కూడా కొనకండి. ఎందుకో వివరంగా చెబుతాం.

ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు నేరుగా వస్తుంది. 4, 5 పిన్నులు ఎర్త్. ఇంజిన్ కంప్యూటరుతో (ఈసీయూ) మాట్లాడే క్యాన్ లైన్లు 6, 14 పిన్నులకు వస్తాయి. ఇంజిన్‌లో ఏదైనా మార్చాలంటే ఆ డబ్బా ముందు ఈ రెండు లైన్ల మీద సందేశాలు పంపాలి. అందుకు లోపల క్యాన్ ట్రాన్సీవర్ అనే చిప్ ఉండాలి. ఈ రకం డబ్బాలను విప్పి చూసిన ఇంజినీర్లకు దొరికింది కరెంటు తగ్గించే చిన్న సర్క్యూటు, ఒక చవక చిప్, రెండు మూడు ఎల్‌ఈడీలు. ఆ చిప్ చేసే పని ఎల్‌ఈడీలను మిణుకు మిణుకుమనిపించడమే. దీపం వెలగ్గానే ఏదో జరుగుతోందని కొన్నవాళ్లు నమ్ముతారు.

నిజంగా ట్రాన్సీవర్ ఉన్నా ఉపయోగం లేదు. ఒక్కో కంపెనీ ఈసీయూ ఒక్కో తీరుగా ఉంటుంది, ఇంధన లెక్కల పట్టికలకు తాళం వేసి ఉంటుంది. ఆ మోడల్‌కు తగ్గ ఫైలు లేకుండా వాటిని ఎవరూ తిరగరాయలేరు. అన్ని కార్లకూ పనిచేస్తుందన్న మాట దగ్గరే ఈ బేరం ఆపేయాలి.

‘మీ డ్రైవింగ్‌ను నేర్చుకోవడానికి 150 నుంచి 200 కిలోమీటర్లు పడుతుంది’ అనే మాట కూడా పెట్టె మీద ఉంటుంది. వారానికి వంద కిలోమీటర్లు తిరిగే ఇంట్లో ఆ దూరం పూర్తయ్యేసరికి రిటర్న్ గడువు అయిపోతుంది.

ఇంజిన్‌లో సగం పెట్రోలు కాలకుండానే పోతుంది, దాన్ని కాల్పిస్తాం అన్నది వీళ్ల వాదన. అది అబద్ధం. ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు బండిలో ఆక్సిజన్ సెన్సర్ పొగను చూస్తూ గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7:1 దగ్గర ఉంచుతుంది. లోపలికెళ్లిన పెట్రోలులో 97 శాతానికి పైగా కాలిపోతుంది. శక్తి వృథా అయ్యేది రేడియేటర్ వేడిగా, సైలెన్సర్ వేడిగా. దాన్ని ఏ డబ్బా తిరిగి తేలేదు. పైపుకు కట్టే అయస్కాంతాల సంగతీ ఇంతే, పెట్రోలును అయస్కాంతం ఏమీ చేయదు. నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కిట్‌కు కావలసిన కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి, ఆల్టర్నేటర్‌ను తిప్పేది మళ్లీ మీ పెట్రోలే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరీక్షించింది. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే కాస్తంత ఫలితం చూపాయి, కొన్ని అయితే పొగలో కాలుష్యాన్ని పెంచాయి.

మరి ‘నాకు 16 నుంచి 18.6 వచ్చింది’ అని రివ్యూలు రాసేవాళ్లందరూ అబద్ధాలకోర్లా? కాదు. చాలామంది లెక్క దగ్గర మోసపోయారు. ఇది బాగా అర్థం చేసుకోండి. బండి అసలు మైలేజీ 16 అనుకుందాం. 160 కిలోమీటర్లు తిరిగితే 10 లీటర్లు కాలుతుంది. మొదటిసారి నింపినప్పుడు బంకు కుర్రాడు కటాఫ్ పడ్డాక (నాజిల్ దానంతటదే ఆగాక) కూడా గుండ్రని అంకె కోసం మరో 0.7 లీటరు కొట్టాడు. రెండోసారి నాజిల్ 0.7 లీటరు ముందే ఆగింది. రెండు తేడాలూ కలిపి 1.4 లీటర్లు తగ్గి, మీకు పట్టింది 8.6 లీటర్లు. 160ని 8.6తో భాగిస్తే 18.6! డబ్బా ఏమీ చేయకుండానే 16 శాతం ‘లాభం’. అదే పొరపాటు 480 కిలోమీటర్ల మీద జరిగితే 16.8 వస్తుంది. మూడు ట్యాంకులు కలిపి 1,440 కిలోమీటర్లకు లెక్కేస్తే 16.25. దూరం పెరిగేకొద్దీ మాయ కరిగిపోతుంది. దీనికి తోడు, డబ్బు పెట్టి కొన్నాక ఎవరైనా కాలు తేలిక చేసి నడుపుతారు. ఆ తేడా నిజమైనదే, కానీ అది మీ కాలి చలవ.

కాబట్టి కొలత ఇలా పెట్టండి. ఒకే బంకు, అదే పంపు, బండి అదే దిక్కుగా సమతలంలో నిలపాలి. మొదటి కటాఫ్ పడగానే ఆపించాలి. ట్రిప్ మీటరు సున్నా చేసి, ట్యాంకు పావువంతుకు వచ్చేదాకా తిరిగి, మళ్లీ అలాగే నింపాలి. మూడు ట్యాంకుల కిలోమీటర్లన్నీ కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. కంపెనీ ఇచ్చిన దానికన్నా పెద్ద టైర్లు వేసి ఉంటే ఓడోమీటరు తక్కువ చూపిస్తుంది. చుట్టుకొలత 5 శాతం పెరిగితే కిలోమీటర్లు దాదాపు 5 శాతం తగ్గి కనిపిస్తాయి.

డబ్బుతో పోతే సరే, కొన్ని బండికి కూడా చేటు చేస్తాయి. 16వ పిన్నుకు తాళం తీసేసినా కరెంటు ఆగదు, ఊరెళ్లి మూడు వారాలకు వస్తే బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు. ట్యాంకులో వేసే మాత్రల్లో ఫెర్రోసీన్ ఉంటే ప్లగ్గుల మీద ఎర్రటి ఇనుప పూత పేరుకుని మిస్‌ఫైర్ మొదలవుతుంది. కలరా ఉండలు వేసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, మానేయండి. నాఫ్తలీన్ మళ్లీ గడ్డకట్టి ఫిల్టరుకూ ఇంజెక్టరుకూ అడ్డం పడుతుంది.

మైలేజీ నిజంగా పడిపోయి ఉంటే ముందు చూడాల్సింది బ్రేకులు. పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి (డిస్కును తాకొద్దు, కాలుతుంది). ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. జాకీ ఎత్తి న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే చక్రం సులువుగా తిరగాలి. తిరగకపోతే క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేయించి బ్రేకు గ్రీజు పెట్టించాలి. వెనక డ్రమ్ముల్లో అయితే హ్యాండ్‌బ్రేక్ కేబులు మరీ బిగించారేమో చూడాలి.

తర్వాతిది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు. మన ఎండలకు ఇంజిన్ వేడెక్కుతోందంటే కొన్ని గ్యారేజీల్లో దాన్ని పీకి పారేస్తారు. ఇది చాలా తప్పు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఈసీయూ పెట్రోలు ఎక్కువగా పోస్తూనే ఉంటుంది. హైవే మీద అరగంట నడిపినా వేడి ముల్లు ఎప్పటి చోటికి రాకపోతే థర్మోస్టాట్ ఉందో లేదో అడగండి.

టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన స్టిక్కరు మీదున్న అంకె ప్రకారం పట్టించాలి. నాలుగింటిలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే దాదాపు 0.2 శాతం పోతుంది. ఎనిమిది తగ్గినా రెండు శాతం లోపే, అయినా టైరు అరుగుదల చూస్తే అశ్రద్ధ తగదు. వేగం దగ్గర లెక్క పెద్దది. 80లో తగిలే గాలి ఒత్తిడి 100కి వెళ్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన ఖాళీ క్యారియర్ ఉంటే ఇంకా ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ మురికిపడితే మైలేజీ పోతుందన్నది కార్బురేటర్ రోజుల మాట, ఇంజెక్షన్ బండిలో పోయేది ముఖ్యంగా పికప్.

ఇక ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సంగతి. లీటరు ఇథనాల్‌లో పెట్రోలులోని శక్తిలో మూడింట రెండొంతులే ఉంటుంది. 2021 నీతి ఆయోగ్ నివేదిక పాత కార్లకు 6 నుంచి 7 శాతం, పాత టూవీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుదల అంచనా వేసింది. ఆ తగ్గుదల ఇంధనంలోనిది. దాన్ని వెనక్కి తెస్తామనే డబ్బా లేదు.

ట్రైలరు లాగేవాళ్లకు వేరే మాట. అమెరికాలో ఎస్‌యూవీకి ట్రైలరు కట్టే మనవాళ్లు బరువు కన్నా ఎత్తు చూసుకోవాలి. హైవే మీద ఇంధనాన్ని తినేది గాలికి ఎదురుగా గోడలా నిలిచే ట్రైలరు ముందుభాగం. ఊళ్లో ట్రాక్టరు ట్రాలీకి గాలితో పేచీ లేదు, హబ్ బేరింగుల గ్రీజు, ట్రాలీ టైర్లలో గాలి చూసుకుంటే చాలు.

ఇప్పటికే కొనేసి ఉంటే డబ్బా పీకేయండి. పెట్టె, బిల్లు, ‘35 శాతం ఆదా’ అన్న ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఎందుకంటే ఆ పేజీ రేపు ఉండకపోవచ్చు. ముందు అమ్మిన సైటు గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2020 ఈ–కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన పేరు, వివరాలు సైటులో ఉండాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా కమిషన్. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్లు.