లాగ్‌బుక్ చూశాకే ఈ నర్సింగ్ కళాశాలకు మార్కులు వేశాను

ప్రభుత్వాసుపత్రి సర్జికల్ వార్డులో హెడ్ నర్సుని. మా చెల్లెలి కూతురు ఈమధ్యే ఒక ప్రైవేటు కళాశాలలో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. పేరు రాయను, చూసింది రాస్తాను.

గేటు దగ్గర ఉత్తీర్ణత శాతంతో పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. యాభై శాతం వస్తే పాసే. రోగి మంచం దగ్గర చేయి వణకదని ఆ అంకె చెప్పదు. 2021లో భారతీయ నర్సింగ్ మండలి తెచ్చిన సెమిస్టర్ పాఠ్యప్రణాళికలో క్లినికల్ లాగ్‌బుక్ ఉంది, అంటే విద్యార్థి రోగుల దగ్గర నేర్చిన పనులు నమోదు చేసే పుస్తకం. స్వయంగా చేసిన పనికి ఒక గడి, సాయం చేసినదానికి, చూసినదానికి మరొకటి, తేదీ, ట్యూటర్ సంతకం. పని వచ్చిందని తేలాకే సంతకం పడాలి.

అమ్మాయి లాగ్‌బుక్ అంతా తిరగేశాను. మొదటి రెండేళ్ల పేజీలు చూసి సంతోషించాను. తేదీలు వేర్వేరు, అక్కడక్కడ ‘మళ్లీ చేయించాలి’ అని ట్యూటర్ రాత. ప్రసూతి విభాగానికి వచ్చేసరికి సంతకాలన్నీ ఒకే రోజువి. తనిఖీకి ముందు కూర్చోబెట్టి నింపించారట. కడుపు మండిపోయింది. కాన్పు గదిలో నేర్వని పని రేపు ఏ తల్లి మీద నేర్చుకోవాలి?

స్కిల్ ల్యాబ్, అంటే బొమ్మల మీద పనులు సాధన చేయించే గది, మాత్రం నిజంగా బాగుంది. అక్కడి ట్యూటరమ్మకు దండం పెట్టాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే డ్రిప్ గొట్టం సెట్టు అన్నాను. నిమిషానికి దాదాపు 42 అని అమ్మాయి నోటిలెక్కన చెప్పి, గడియారం చూస్తూ చుక్కలు సరిచేసింది. ఆపైన ఎవరూ చెప్పకుండానే సూది ఉన్నచోట వాపుందేమోనని తడిమి చూసింది. చదువు ఫలితం అంటే నాకు అది.

పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది మండలి నియమం. కాగితం మీద ఉన్నారు. వార్డుకు వచ్చేది ఒక్కరే, అదీ హాజరు తీసుకునేవరకే.

ఇంకొక లోటు ఉంది. ఆ కళాశాలలో చదివినవాళ్లు నా వార్డులోనే ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ల పని ఎలా ఉంది, దేనిలో తడబడుతున్నారు అని కళాశాల నుంచి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే కూర్చుని గంటసేపు చెప్పేదాన్ని.

ఐదుకు మూడు ఇస్తున్నాను, రెండు స్కిల్ ల్యాబ్‌కే. చేర్చబోయేవారు మూడో ఏడాది విద్యార్థి లాగ్‌బుక్ చూపించమని అడగండి, తేదీలు చూడండి.